ఫోను ఇంటికి వెళ్లింది, ఆఫీసు నెట్‌వర్క్ వెళ్లలేదు

ఆఫీసు బల్ల మీద ఏళ్ల తరబడి ఏ గొడవా లేకుండా పనిచేసిన ఐపీ ఫోనును (నెట్ మీద నడిచే ఫోను) విప్పి, డబ్బాలో పెట్టి, ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగికి పంపిస్తారు. అక్కడ ఇంటి రూటర్‌కు తగిలించగానే తంటా మొదలవుతుంది. ఒక్కోసారి ఫోను అసలు వెలగదు. వెలిగినా రిజిస్టర్ (ఆఫీసు ఫోన్ సర్వర్‌లో నమోదు) కాదు. రిజిస్టర్ అయి, రింగ్ కూడా అయి, తీరా ఎత్తాక అవతలివాళ్ల మాట వినపడదు. అన్నిటికీ కలిపి ఒకటే కారణం చెబుతారు: ఇంట్లో నెట్ స్లో అట.

లెక్క వేసి చూస్తే ఆ మాట నిలబడదు. ఆఫీసు ఫోన్లలో ఎక్కువగా వాడే జీ.711 కోడెక్ (గొంతును డిజిటల్ డేటాగా మార్చే పద్ధతి) గొంతును సెకనుకు 64 కిలోబిట్లుగా మారుస్తుంది. 20 మిల్లీసెకన్లకో ప్యాకెట్ చొప్పున సెకనుకు 50 ప్యాకెట్లు వెళ్తాయి. ఒక్కో దాంట్లో 160 బైట్ల గొంతు, చిరునామాలూ వరస నంబర్లూ మోసే 40 బైట్ల హెడర్లు ఉంటాయి. ఈథర్‌నెట్ ఫ్రేమ్‌ను కూడా కలిపితే ఒక్కో దిశలో 87.2 కిలోబిట్లు. 2 మెగాబిట్ల అప్‌లోడ్ ఉన్న సాదాసీదా కనెక్షన్‌లో కూడా ఇది ఇరవయ్యో వంతు కంటే తక్కువే. నెట్ పల్చగా ఉందని జీ.729కు మారేవాళ్లున్నారు. అందులో గొంతు 8 కిలోబిట్లే అయినా 20 బైట్ల గొంతుకు అవే 40 బైట్ల హెడర్లు తగులుతాయి. సరుకు కంటే సంచి బరువు రెట్టింపు. మొత్తం 31.2 కిలోబిట్లకు దిగుతుంది, దాంతోపాటు గొంతు నాణ్యతా దిగుతుంది. రెండు వైపులా ఓపస్ కోడెక్ ఉంటే దాన్ని పెట్టడమే మేలు. దారిలో కొన్ని ప్యాకెట్లు పోయినా సర్దుకునే ఏర్పాటు దాంట్లోనే ఉంది.

స్పీడు కాకపోతే మరేమిటి? ఆఫీసులో ఆ ఫోనుకు నెట్‌వర్క్ చడీచప్పుడు లేకుండా చేసిపెట్టిన పనులు చాలా ఉన్నాయి. కరెంటు లాన్ కేబుల్ నుంచే వచ్చేది. ఏ వీలాన్‌లో (అవే వైర్ల మీద విడగొట్టిన విడి నెట్‌వర్క్‌లో) ఉండాలో స్విచ్ చెప్పేది. సెట్టింగ్స్ ఎక్కడ దొరుకుతాయో ఐపీ చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ చెప్పేది. గొంతు ప్యాకెట్లను ముందుకు తోసే ప్రాధాన్యం ఉండేది. అన్నిటికీ మించి, ఫోనూ, కాల్స్ కలిపే సర్వర్ అయిన పీబీఎక్సూ ఒకే గోడల మధ్య ఉండేవి, మధ్యలో చిరునామాలు మార్చే రూటర్ లేదు. ఇంట్లో వీటిలో ఒక్కటీ ఉండదు. రిమోట్ ఫోన్ల పని అంతా ఈ లోటు పూడ్చడమే.

డెస్క్ ఫోనా, సాఫ్ట్‌ఫోనా

రోజుకు పది కాల్స్ మాట్లాడే ఉద్యోగికి డెస్క్ ఫోను పంపడం దండగ. ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌ఫోను (ఫోనులా పనిచేసే ప్రోగ్రాం), యూఎస్‌బీ వైర్ ఉన్న హెడ్‌సెట్ చాలు. రోజంతా కాల్స్ అందుకుని బదిలీ చేసే రిసెప్షన్, సపోర్ట్ సిబ్బందికి మాత్రం బటన్లున్న ఫోనే నయం. ల్యాప్‌టాప్ అప్‌డేట్ అవుతున్నా, వేలాడుతున్నా అది మోగుతుంది. బ్లూటూత్ హెడ్‌సెట్‌తో చిక్కేమిటంటే, మైక్ ఆన్ కాగానే అది పాటల మోడ్ నుంచి కాల్ మోడ్‌కు మారి శబ్దం నాణ్యత తగ్గుతుంది. పాత మోడళ్లలో అయితే 8 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్‌కు, అంటే మామూలు ల్యాండ్‌లైన్ స్థాయికి పడిపోతుంది.

మొబైల్ యాప్ పెట్టాలనుకుంటే ఒక్కటి కచ్చితంగా చూసుకోవాలి: కాల్ రాగానే యాప్‌ను నిద్రలేపే పుష్ నోటిఫికేషన్ ఉందా లేదా. పుష్ లేని యాప్ బ్యాక్‌గ్రౌండ్‌లో రిజిస్టర్ అయి ఉండాలి. ఆండ్రాయిడ్ బ్యాటరీ పొదుపు పేరుతో దాన్ని నిద్రపుచ్చుతుంది, ఐఫోన్ అసలు ఉండనివ్వదు. ఉద్యోగి ఫోను తెరిచి చూసేసరికి నాలుగు మిస్డ్ కాల్స్ ఉంటాయి, ఒక్కటీ మోగి ఉండదు.

డబ్బా కట్టే ముందు

డెస్క్ ఫోనే పంపుతుంటే, వెలగకపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ అడాప్టరే. చాలా మోడళ్లు అడాప్టర్ లేకుండానే అమ్ముతారు, ఎందుకంటే ఆఫీసుల్లో పవర్ ఓవర్ ఈథర్‌నెట్ స్విచ్ ఉంటుందని లెక్క. ఇంటి రూటర్‌లో అది ఉండదు. కొన్ని ఫోన్లకు 5 వోల్టులు, కొన్నిటికి 12, మరికొన్నిటికి 48 వోల్టుల అడాప్టర్లు ఉంటాయి. పిన్ను దూరింది కదా అని ఏదో ఒకటి గుచ్చితే ఫోను కాలిపోవచ్చు. అడాప్టర్ మీద వోల్టులతో పాటు ఆంపియర్లూ సరిపోవాలి. తక్కువైతే ఫోను మామూలుగా వెలిగి, స్పీకర్ ఆన్ చేయగానే రీస్టార్ట్ అవుతుంది.

రెండోది వీలాన్. ఆఫీసులో గొంతు కోసం విడిగా వీలాన్ ఉంటే, ఆ నంబరు ఫోనులోనే చేత్తో పెట్టి ఉండొచ్చు. ఇంట్లో అది ప్రతి ప్యాకెట్‌కూ ఆ ట్యాగ్ తగిలించి పంపుతుంది, ఇంటి రూటర్ పట్టించుకోదు, ఫోనుకు ఐపీ చిరునామా రాదు. ల్యాప్‌టాప్‌ను అదే వైరుకు పెడితే నెట్ బ్రహ్మాండంగా వస్తుంది. దాంతో ఫోనే పాడైందని తిప్పి పంపిస్తారు. పంపే ముందు ఫ్యాక్టరీ రీసెట్ చేసి, ఆఫీసు నెట్‌వర్క్‌కు కాకుండా ఒక మామూలు ఇంటి రూటర్‌కో, మొబైల్ హాట్‌స్పాట్ వెనక పెట్టిన చిన్న రూటర్‌కో తగిలించి పరీక్షించాలి. అక్కడ రిజిస్టర్ అయితేనే డబ్బా మూయాలి.

సెట్టింగ్స్ సంగతి. ఆఫీసులో డీహెచ్‌సీపీ ఆప్షన్ 66 ద్వారా ఫోను తన కాన్ఫిగరేషన్ సర్వర్‌ను కనుక్కుంటుంది. ఇంటి రూటర్‌కు ఆ విషయం తెలియదు. అందుకే పెద్ద తయారీదారులందరూ రీడైరెక్ట్ సర్వీసులు నడుపుతారు. ఫోను మ్యాక్ అడ్రస్‌ను (తయారీలోనే ఇచ్చే హార్డ్‌వేర్ నంబరు) అక్కడ నమోదు చేసి, దాని పక్కన మన ప్రొవిజనింగ్ సర్వర్ (ఫోనుకు సెట్టింగ్స్ ఇచ్చే సర్వర్) చిరునామా రాసి ఉంచితే చాలు. ఫోను తొలిసారి నెట్ అందుకోగానే తయారీదారు సర్వర్‌ను అడిగి, అక్కడి నుంచి మన దగ్గరకు వస్తుంది. ఆ సర్వర్ మీద పాస్‌వర్డ్ అడగకుండా ఫైళ్లిచ్చే టీఎఫ్‌టీపీ పద్ధతి వాడకూడదు. ఫోను మ్యాక్ అడ్రస్ పేరుతో అక్కడ ఉండే సెట్టింగ్స్ ఫైలులో ఎక్స్‌టెన్షన్ (ఆఫీసు లోపలి నంబరు) పాస్‌వర్డ్ ఉంటుంది. మ్యాక్ అడ్రస్‌లో సగం తయారీదారుదే కాబట్టి మిగతా సగం ఊహించి ఫైళ్లు లాగేసే ప్రోగ్రాములు నెట్‌లో తిరుగుతూనే ఉంటాయి. హెచ్‌టీటీపీఎస్, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ తప్పనిసరి. ఫోనులోని సర్టిఫికెట్‌ను సర్వర్ సరిచూసే వీలుంటే ఇంకా మంచిది.

ఇక్కడో చిన్న గుంట ఉంది. రీసెట్ చేసిన ఫోనులో గడియారం పాత తేదీతో లేస్తుంది. టైమ్ సర్వర్‌గా ఆఫీసు లోపలి చిరునామా ఉంటే ఇంటి నుంచి అది అందదు. తేదీ తప్పైతే సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదని ఫోను అనుకుంటుంది, టీఎల్‌ఎస్ అనే ఎన్‌క్రిప్షన్ కుదరదు, రిజిస్ట్రేషన్ జరగదు. తెర మీద మాత్రం పాస్‌వర్డ్ తప్పేమో అనిపించేలాంటి మాటేదో కనిపిస్తుంది. బయటి నుంచి అందే ఎన్‌టీపీ (టైమ్) సర్వర్ పేరు పెడితే పోయేదానికి గంటలు గంటలు వెతుకుతారు.

రూటర్‌కు వైరు లాగడం కుదిరితే వైఫై జోలికి పోకూడదు. వైరు ఒక్కటే ఉంటే ఫోను వెనక ఉండే రెండో పోర్టులో ల్యాప్‌టాప్‌ను పెట్టుకోవచ్చు. ఆ పోర్టు 100 మెగాబిట్లదా, గిగాబిట్‌దా ముందే చూసుకోకపోతే ఫోను వచ్చాక ఇంటర్నెట్ తగ్గిందన్న ఫిర్యాదు ఒకటి తయారవుతుంది, అది నిజం కూడా.

ఒకవైపే వినిపించడం

ఫోను సంభాషణలో రెండు వేర్వేరు ప్రయాణాలున్నాయి. కాల్ వచ్చింది, ఎత్తారు, పెట్టేశారు అని చెప్పేది సిప్. గొంతును మోసేది ఆర్‌టీపీ. సిప్ సాధారణంగా 5060 పోర్టులో (సాఫ్ట్‌వేర్‌లో నంబరున్న తలుపు), టీఎల్‌ఎస్ అయితే 5061లో నడుస్తుంది. ఆర్‌టీపీ మాత్రం ఒక్కో కాల్‌కు ఒక్కో కొత్త పోర్టు ఎంచుకుంటుంది. ఆస్టరిస్క్ అనే పీబీఎక్స్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే నమూనా ఫైలులో ఆ పరిధి 10000 నుంచి 20000 వరకు. మోగడం సిప్ పని, వినపడటం ఆర్‌టీపీ పని. అందుకే మోగినంత మాత్రాన వినపడాలని లేదు.

ఫోను పంపే సిప్ సందేశం చివర ఒక చిన్న వివరణ ఉంటుంది. అందులో "నాకు వినిపించాలంటే ఈ చిరునామాకు పంపండి" అన్నట్టు ఒక ఐపీ, ఒక పోర్టు రాసి ఉంటాయి. ఇంట్లో ఉన్న ఫోనుకు తన చిరునామా 192.168.1.23 అని మాత్రమే తెలుసు, అదే రాస్తుంది. దారిలో రూటర్ ప్యాకెట్ పైనున్న చిరునామాను మారుస్తుంది కానీ లోపలి ఉత్తరాన్ని తాకదు. పీబీఎక్స్ ఆ ఉత్తరం చదివి 192.168.1.23కు గొంతు పంపుతుంది. అలాంటి చిరునామా ఎన్నో ఇళ్లలో ఉంటుంది, ఇంటర్నెట్‌లో ఎక్కడా ఉండదు. ఉద్యోగి మాట కస్టమర్‌కు వినపడుతుంది, కస్టమర్ మాట ఉద్యోగికి వినపడదు.

దీనికి మందు సర్వర్ దగ్గరే వేయాలి. ఉత్తరంలో ఏముందో పక్కనపెట్టి, ప్యాకెట్ నిజంగా ఏ చిరునామా నుంచి వచ్చిందో అక్కడికే తిరిగి పంపమని చెప్పాలి. ఆస్టరిస్క్‌లో సిప్ పని చూసుకునే పీజేసిప్ భాగంలో ఆర్‌టీపీ సిమ్మెట్రిక్, ఫోర్స్ ఆర్‌పోర్ట్, రీరైట్ కాంటాక్ట్ అనే మూడింటికి యెస్, డైరెక్ట్ మీడియాకు నో పెడితే ఆ పని జరుగుతుంది. చివరిదాన్ని మరిచిపోవడమే ఎక్కువ. అది ఆన్‌లో ఉంటే ఇద్దరు ఉద్యోగులు మాట్లాడుకునేటప్పుడు సర్వర్ పక్కకు తప్పుకుని, ఇద్దరి ఫోన్లనూ నేరుగా కలపాలని చూస్తుంది. రెండు ఇళ్ల రూటర్ల మధ్య అది కుదరదు. బయటి కాల్స్ బాగుండి ఉద్యోగుల మధ్య కాల్స్‌లో నిశ్శబ్దం ఉంటే మొదట చూడాల్సింది ఇక్కడే. సర్వర్ కూడా ఒక రూటర్ వెనక ఉంటే దాని బయటి చిరునామా ఏదో, ఏ చిరునామాలు లోపలివో దానికి విడిగా చెప్పాలి.

ఈ జబ్బుకు ఇంటి రూటర్‌లో మార్చాల్సింది ఒక్కటే: సిప్ ఏఎల్‌జీని ఆపేయడం. లోపలి ఉత్తరాన్ని దిద్దిపెట్టాలనే మంచి ఉద్దేశంతో పెట్టిన సదుపాయం అది. కానీ చాలా రూటర్లలో సగం దిద్ది సగం వదిలేస్తుంది, సర్వర్ వైపు చేసిన మందును కూడా చెడగొడుతుంది. మెనూలో అది ఫైర్‌వాల్ కింద ఉండొచ్చు, నాట్ (చిరునామాలు మార్చే పని) కింద ఉండొచ్చు, కొన్నిటిలో కనపడను కూడా కనపడదు. కనపడని రూటర్లకు విరుగుడు టీఎల్‌ఎస్. సందేశం ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే ఏఎల్‌జీ చదవలేదు, చదవలేనిదాన్ని చెడగొట్టలేదు. రిమోట్ ఫోన్లన్నిటినీ మొదటి రోజు నుంచే టీఎల్‌ఎస్, ఎస్‌ఆర్‌టీపీ (ఎన్‌క్రిప్ట్ చేసిన ఆర్‌టీపీ) మీద పెట్టడానికి భద్రత కంటే ఇదే బలమైన కారణం.

ఇంటి రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటివాళ్లు నేరుగా ఫోనుకు చేరేలా తలుపు తెరవడం) మాత్రం పెట్టకూడదు. అవసరం లేదు, పైగా ముప్పు. ఫోను 5060 పోర్టు బయటికి తెరుచుకుంటే తెరిచిన పోర్టుల కోసం నెట్‌ను గాలించే స్కానర్లు నేరుగా ఫోనుకే కాల్ సందేశాలు పంపుతాయి. అర్ధరాత్రి 100 అనో 1001 అనో నంబరుతో ఫోను మోగుతుంది, ఎత్తితే ఎవరూ ఉండరు. పీబీఎక్స్ రికార్డులో ఆ కాల్ జాడే ఉండదు, ఎందుకంటే అది అక్కడి నుంచి రాలేదు. తన సర్వర్ నుంచి వచ్చే కాల్స్ మాత్రమే తీసుకోమనే సెట్టింగ్ చాలా ఫోన్లలో ఉంటుంది, దాన్ని ప్రొవిజనింగ్ ఫైలులోనే పెట్టేయాలి.

గడియారం చెప్పే కారణాలు

కాల్ ఎన్ని సెకన్లకు తెగిందో తెలిస్తే సగం రోగం తెలిసినట్టే. సరిగ్గా 32 సెకన్లకు తెగితే అది నెట్ స్పీడుకు సంబంధించింది కానే కాదు. కాల్ ఎత్తినప్పుడు ఎత్తినవైపు నుంచి 200 ఓకే అనే జవాబు వెళ్తుంది. అది అందిందని అవతలివైపు ఏక్ అనే సందేశం పంపాలి. ఆ ఏక్ కూడా కాంటాక్ట్ అనే గడిలో రాసిన చిరునామాకే వెళ్తుంది. అక్కడ లోపలి చిరునామా ఉంటే అది దారి తప్పుతుంది. ఎత్తినవైపు అర సెకను ఆగి మళ్లీ పంపుతుంది, తర్వాత ఒక సెకను, రెండు, నాలుగు సెకన్ల విరామాలతో పంపుతూనే ఉంటుంది. సిప్ ప్రమాణంలో దీనికి గడువు అర సెకనుకు 64 రెట్లు, అంటే 32 సెకన్లు. అప్పటికీ ఏక్ రాకపోతే కాల్ పెట్టేస్తుంది. ఈలోగా ఇద్దరూ హాయిగా మాట్లాడుకుంటూ ఉండొచ్చు కూడా, ఎందుకంటే గొంతు వెళ్లేది వేరే దారి. సర్వర్‌లో సిప్ సందేశాలను చూపించే ఎస్‌ఎన్‌గ్రెప్ పెట్టి చూస్తే 200 ఓకే మెట్లు మెట్లుగా వరసగా కనపడుతుంది, దాని కింద ఏక్ గీత ఉండదు. అంత స్పష్టంగా దొరికే జబ్బులు ఈ రంగంలో తక్కువ.

15 నిమిషాల దగ్గరో, 30 నిమిషాల లోపో తెగితే సెషన్ టైమర్ మీద అనుమానం పెట్టుకోవాలి. మామూలు గడువు 1800 సెకన్లు, అందులో సగం గడిచాక కాల్ ఇంకా బతికే ఉందా అని ఒక సందేశం వెళ్తుంది. అది అవతలికి చేరకపోతే కాల్ చచ్చిందనుకుని కోసేస్తారు.

మూడో రకం ఇంకా మాయగా ఉంటుంది. ఉద్యోగి చేసే కాల్స్ అన్నీ వెళ్తాయి, వచ్చే కాల్స్ మాత్రం ఒకసారి మోగుతాయి, ఒకసారి మోగవు. ఫోను బయటికి ప్యాకెట్ పంపినప్పుడు రూటర్ వెనక్కి రావడానికి ఒక దారి తెరిచి ఉంచుతుంది. యూడీపీలో (అందిందో లేదో చూడకుండా ప్యాకెట్లు పంపే పద్ధతిలో) చాలా ఇంటి రూటర్లు ఆ దారిని 30 సెకన్లు ఏమీ కదలకపోతే మూసేస్తాయి. ఫోను రిజిస్ట్రేషన్ గంటకోసారి అయితే, మధ్యలో 59 నిమిషాల పైచిలుకు తలుపు మూసే ఉంటుంది. ఉద్యోగి ఒక కాల్ చేసి పెట్టగానే కాసేపు తలుపు తెరుచుకుంటుంది, ఆ కాసేపట్లో వచ్చిన కాల్ మోగుతుంది. ఐటీ వాళ్లు పరీక్షించేటప్పుడు సరిగ్గా ఇదే జరిగి, అంతా బాగానే ఉందని రాసేస్తారు. కీప్‌అలైవ్ (తలుపు మూసుకోకుండా పంపే చిన్న ప్యాకెట్) 20 లేదా 25 సెకన్లకు పెడితే ఈ బాధ ఉండదు. టీసీపీ (అందిందని సరిచూసుకునే పద్ధతి), టీఎల్‌ఎస్ దారులు ఇంకా ఎక్కువసేపు తెరిచి ఉంటాయి కానీ కీప్‌అలైవ్ అక్కడా ఉంచాలి.

యూడీపీలో ఇంకో తంటా, సందేశం లావు. కోడెక్‌లన్నీ టిక్ చేసి ఉంచితే కాల్ సందేశం 1500 బైట్లు దాటి రెండు ముక్కలవుతుంది, కొన్ని రూటర్లు రెండో ముక్కను పారేస్తాయి. రిజిస్టర్ సందేశం చిన్నది కాబట్టి ఫోను పచ్చగానే కనపడుతుంది. మూడు కోడెక్‌లు మించి ఉంచకపోవడమే మంచిది.

అప్‌లోడ్ క్యూ

గొంతు తెగి తెగి, రోబోలా వినిపించినప్పుడు మాత్రం ఇంటి నెట్‌ను అనుమానించొచ్చు. అప్పుడు కూడా స్పీడ్ టెస్ట్ చెప్పేది తక్కువ. ఫోనుకు కావలసింది వెడల్పు కాదు, నిలకడ. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉండాలని ఐటీయూ సిఫార్సు జీ.114 చెబుతుంది. దాటినకొద్దీ ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఒకేసారి ఆగిపోవడం మొదలవుతుంది. ప్యాకెట్ల నష్టం 1 శాతం లోపు, జిట్టర్ (ప్యాకెట్ల ఆలస్యంలో హెచ్చుతగ్గులు) 30 మిల్లీసెకన్ల లోపు ఉంటే ఫిర్యాదులు రావు.

పరీక్ష తేలికే. పీబీఎక్స్ చిరునామాకు పింగ్ (జవాబు రావడానికి పట్టే సమయం కొలిచే ఆదేశం) నడుపుతూ, మరోవైపు ఒక పెద్ద ఫైలును క్లౌడ్‌లోకి అప్‌లోడ్ చేయాలి. ఖాళీగా 20 మిల్లీసెకన్లున్న పింగ్ అప్‌లోడ్ మొదలవగానే 300, 500 దాటితే జబ్బు దొరికింది. రూటర్ వచ్చిన ప్యాకెట్లన్నిటినీ పొడుగాటి క్యూలో నిలబెడుతోంది, గొంతు ప్యాకెట్ ఆ క్యూ చివర నిలబడుతోంది. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. రూటర్‌లో ఈ క్యూను పొట్టిగా ఉంచే ఎస్‌క్యూఎం ఉంటే దాన్ని ఆన్ చేసి, అప్‌లోడ్ పరిమితిని నిజంగా వచ్చే స్పీడులో 85 నుంచి 90 శాతానికి పెట్టాలి. ఆ కొంచెం స్పీడును వదులుకుంటే క్యూ మోడెమ్‌లో కాకుండా రూటర్‌లోనే ఏర్పడుతుంది, అక్కడ గొంతును ముందుకు పంపొచ్చు. అలాంటి రూటర్ లేకపోతే క్లౌడ్ బ్యాకప్ యాప్‌లోనే అప్‌లోడ్ స్పీడుకు కళ్లెం వేయాలి. ఫోను ప్యాకెట్ల మీద డీఎస్‌సీపీ 46 అనే ప్రాధాన్యపు ముద్ర కొట్టడం ఇంటి లోపల పనికొస్తుంది, వైఫై కూడా దాన్ని కొంత గౌరవిస్తుంది. ఇల్లు దాటాక దాన్ని చూసే నాథుడు ఉంటాడని నమ్మకూడదు.

ల్యాప్‌టాప్‌లో ఆఫీసు వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కు సొరంగం లాంటి దారి) ఉంటే సాఫ్ట్‌ఫోను కూడా అందులోంచే వెళ్తుంది. పీబీఎక్స్ క్లౌడ్‌లో ఉన్నప్పుడు అది పక్కింటికి ఊరు చుట్టి వెళ్లడమే. పీబీఎక్స్ చిరునామాలను వీపీఎన్ నుంచి మినహాయించాలి. వీపీఎన్ టీసీపీ మీద నడిచేదైతే సంగతి ఇంకా పాడు. ఒక ప్యాకెట్ పోతే అది మళ్లీ వచ్చేదాకా వెనకున్నవన్నీ ఆగుతాయి, గొంతు ఆగి ఒక్కసారిగా మీద పడుతుంది.

సర్వర్ వైపు

పీబీఎక్స్ ఆఫీసులోనే ఉంటే దాని ఇంటర్నెట్ లెక్క మళ్లీ వేయాలి. కస్టమర్ కాల్ ట్రంక్ (టెలిఫోన్ కంపెనీ లైను) ద్వారా ఆఫీసుకు వచ్చి, అక్కడి నుంచి ఉద్యోగి ఇంటికి వెళ్తుంది. ట్రంక్ కూడా అదే ఇంటర్నెట్ మీద ఉంటే ఒక్కో కాల్‌కు రెండు వాటాలు పడతాయి. 20 మంది ఒకేసారి మాట్లాడితే అప్‌లోడ్‌లో సుమారు 3.5 మెగాబిట్లు, డౌన్‌లోడ్‌లో అంతే. మొత్తం మీద పెద్దదేం కాదు కానీ, ఆఫీసు నెట్ పోయిన గంటలో ఇళ్లలో ఉన్న అందరి ఫోన్లూ పోతాయి. ఎక్కువమంది బయటే ఉంటే సర్వర్‌ను డేటా సెంటర్‌కు తరలించడమే సబబు.

5060ను ఇంటర్నెట్‌కు తెరిచిన సర్వర్‌కు స్కానర్లు రావడానికి ఎంతోసేపు పట్టదు. ఎక్స్‌టెన్షన్ 204, పాస్‌వర్డ్ కూడా 204 అయితే దొంగకు తాళంచెవి ఇచ్చినట్టే. వాళ్లకు సంభాషణలు అక్కర్లేదు, ఖరీదైన అంతర్జాతీయ నంబర్లకు కాల్స్ కొట్టడం కావాలి, అదీ ఎవరూ చూడని సెలవు రాత్రుల్లో. పొడవాటి యాదృచ్ఛిక పాస్‌వర్డ్‌లు, పదే పదే తప్పు పాస్‌వర్డ్ కొట్టేవాళ్లను అడ్డుకునే ఫెయిల్2బ్యాన్, ఎక్స్‌టెన్షన్‌కు ఒకేసారి రెండు కాల్స్ పరిమితి, అవసరం లేనివాళ్లకు అంతర్జాతీయ కాల్స్ బంద్, ట్రంక్ కంపెనీ దగ్గర రోజువారీ ఖర్చు పరిమితి: ఇవన్నీ ఉండాలి. ముందు ఒక ఎస్‌బీసీ (కాల్స్‌కు కాపలా గేటు) పెట్టి పీబీఎక్స్‌ను దాని వెనక దాచగలిగితే ఇంకా నిశ్చింత.

అత్యవసర కాల్స్ సంగతి రాతపూర్వకంగా తేల్చుకోవాలి. ఇంట్లో ఉన్న ఉద్యోగి ఈ ఫోను నుంచి అత్యవసర నంబరుకు చేస్తే అవతల ఆఫీసు చిరునామా కనపడవచ్చు, సహాయం అక్కడికే వెళ్లవచ్చు. ఉద్యోగి చిరునామాను సర్వీసులో నమోదు చేసే వీలుంటే చేయాలి, ఇల్లు మారినప్పుడల్లా మార్చాలి. వీలు లేకపోతే అలాంటి కాల్స్ సొంత మొబైల్ నుంచే చేయమని ఫోను మీదే అంటించి పంపాలి.

ఫిర్యాదు వచ్చినప్పుడు ఫోను బాగాలేదనే మాటతో ఏమీ చేయలేరు. అడగాల్సినవి నాలుగు: కాల్ ఎన్నింటికి, ఏ నంబరుతో, ఎన్ని సెకన్లకు చెడింది, ఎవరికి వినపడలేదు. నాలుగో దానికి జవాబు రాబట్టడమే కష్టం. ఉద్యోగులు వినపడలేదు అంటారు, ఎవరికో చెప్పరు. ఉద్యోగికి వినపడకపోతే సర్వర్ నుంచి ఇంటికి వచ్చే దారి చూడాలి, చిరునామా తప్పు రాసి ఉంటుంది. కస్టమర్‌కు వినపడకపోతే ఇంటి నుంచి వెళ్లే దారి, అంటే అప్‌లోడ్ క్యూ, సర్వర్ ఫైర్‌వాల్‌లో తెరవని ఆర్‌టీపీ పోర్టులు, లేదా హెడ్‌సెట్ మీదున్న మ్యూట్ బటన్. ఆ చివరిదాన్ని ముందే అడగడం మంచిది.